పాలకొండ రోడ్డులో ప్రైవేటు బస్సు: పది రూపాయలు పెంచేశారు, టికెట్ ఇవ్వరు. ఎవరికి చెప్పాలి?

ప్రశ్న (బూర్జ మండలం నుంచి):
అందరికీ నమస్కారమండి. మాది పాలకొండ రోడ్డు మీద ఒక చిన్న పల్లె. శ్రీకాకుళం జీటీ రోడ్డులో బట్టల షాపులో సేల్స్‌ పని చేస్తాను. షాపు తెరిచే వేళకి అందుకోవాలంటే నాకు కుదిరేది ఒక ప్రైవేటు బస్సే. పల్లెవెలుగు టైము నాకు పడదు.

దసరాకి ముందు 35 రూపాయలు తీసుకునేవారు. సెలవుల్లో పండగ రద్దీ అని 45 చేశారు. పండగ వెళ్ళిపోయింది, 45 మాత్రం ఉండిపోయింది. అడిగితే "డీజిలు ఖర్చు తెలీదా, ఇష్టముంటే ఎక్కు" అంటాడు డోరు దగ్గర కుర్రాడు. టికెట్ అడిగితే "రోజూ ఎక్కేవోడివే, నీకు టికెట్టేటి" అంటాడు.

మొన్న శనివారం అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఇద్దరికీ 90. అయిదొందల నోటిస్తే 400 చేతిలో పెట్టి, మిగతా పది దిగేటప్పుడు ఇస్తానన్నాడు. డే అండ్ నైట్ కూడలిలో అమ్మ చెయ్యి పట్టుకుని దింపి వెనక్కి తిరిగేసరికి బస్సు కదిలిపోయింది. "పోన్లే నాయినా" అంది అమ్మ. నాకు మాత్రం ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. రానూ పోనూ ఇరవై ఎక్కువ, నెలకి 26 రోజులు, మొత్తం 520 రూపాయలు. నా జీతం 9,500. ఆ 520 ఉంటే అమ్మ బీపీ, షుగరు మాత్రలు వచ్చేస్తాయి.

ప్రైవేటు వాళ్ళు ఇష్టమొచ్చినట్టు పెంచుకోవచ్చా? ఫిర్యాదు ఎవరికి రాయాలి? రాస్తే పనవుతుందా? బస్సు పేరు ఇక్కడ రాయను, అది పద్ధతి కాదు.

ఆమదాలవలస నుంచి ఒకరు:
తమ్ముడూ, ఇది నీ ఒక్కడి బాధ కాదు. మావాడు ఏడో తరగతి. వాడికీ ఫుల్ టికెట్ డబ్బులే తీసుకున్నారు. అరటికెట్ అని గట్టిగా అడిగితే బస్సులో అందరూ నా వైపే చూశారు, ఒక్కరూ నోరు విప్పలేదు. తెలిసినవాళ్ళెవరైనా దారి చెప్తే నేనూ రాస్తాను.

రవాణా శాఖలో పనిచేసి రిటైరైన ఒకరు:
బాబూ, వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ బండికి ఏ పర్మిట్ ఉందో తెలియాలి. ఊరూరా ఆగుతూ, మనిషికింత అని తీసుకుని తిప్పే బస్సుకి స్టేజి క్యారేజి పర్మిట్ ఉండాలి. పెళ్ళిళ్ళకి, యాత్రలకి మొత్తంగా మాట్లాడుకునే బండిది కాంట్రాక్టు క్యారేజి పర్మిట్. రెండో రకం పర్మిట్ పెట్టుకుని దారిలో జనాన్ని ఎక్కించుకుంటే, 35 తీసుకున్నా తప్పే, 45 తీసుకున్నా తప్పే. పర్మిట్ షరతులు మీరి బండి తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది.

స్టేజి క్యారేజి అయితే ఛార్జీ యజమాని ఇష్టం కాదు. 1988 చట్టంలో 67వ సెక్షన్ ప్రకారం బస్సు ఛార్జీల మీద ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఛార్జీల పట్టిక బస్సులో కనబడేలా పెట్టాలనీ, తీసుకున్న సొమ్ము వేసి టికెట్ ఇవ్వాలనీ పర్మిట్‌కే షరతులు పెట్టవచ్చు. పండగకి ప్రత్యేక ఛార్జీ అన్నా అధికారులు ఒప్పుకున్నదై ఉండాలి, పట్టికలో ఉండాలి. డోరు దగ్గర కుర్రాడి నోటిమాట ఛార్జీ అవదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు 45 ఇచ్చారనడానికి మీ దగ్గర ఏముంది? అందుకే టికెట్ అడగమంటాను. అడిగినా ఇవ్వని కండక్టరుకి 178వ సెక్షన్ కింద 500 దాకా జరిమానా వేయవచ్చు. టికెట్ లేకుండా ప్రయాణించినవారికీ అదే సెక్షన్ వర్తిస్తుంది, కాబట్టి మొహమాటపడి ఊరుకోకండి. దేవుడి దయ వల్ల అలాంటిది జరగకూడదు గానీ, బస్సు ప్రమాదానికి గురైతే పరిహారం అడిగేటప్పుడు నేను ఆ బస్సులోనే ఉన్నానని చూపించాల్సి వస్తుంది. అప్పుడు ఆ చిన్న కాగితం విలువ తెలుస్తుంది. సర్వీసులో ఉండగా అలాంటి కుటుంబాలను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

టికెట్ ఇవ్వకపోతే నగదు ఇవ్వకుండా ఫోన్‌పే చేయండి. తేదీ, టైము, సొమ్ము మీ ఫోనులో ఉండిపోతాయి. దిగాక బండి నంబరు ప్లేటు ఫొటో తీయండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీస్ వచ్చింది. మన జిల్లా బండి కదా ఏపీ 30 అయివుంటుందని ఊహించి రాస్తే మీ అర్జీ అక్కడే ఆగిపోతుంది. ఎం పరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే బండి ఏ తరగతిదో, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు ఎప్పటిదాకానో కనిపిస్తాయి.

అర్జీ జిల్లా రవాణా అధికారి పేర రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. నంబరు వేసిన రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. వెళ్ళలేకపోతే 1100కి ఫోన్ చేసినా నమోదు చేస్తారు. ఎక్కువ రాయక్కర్లేదు, ఇలా రాస్తే చాలు:

"ఫలానా నంబరు బస్సు ఫలానా ఊరి నుంచి శ్రీకాకుళం వరకు రోజూ నడుస్తోంది. ఫలానా తేదీల్లో నా దగ్గర 45 రూపాయల చొప్పున తీసుకున్నారు. టికెట్ ఇవ్వలేదు. బస్సులో ఛార్జీల పట్టిక లేదు. చెల్లింపు వివరాలు, ఫొటో జతచేశాను. ఈ బస్సు పర్మిట్‌నూ, అనుమతించిన ఛార్జీనీ పరిశీలించి చర్య తీసుకుని, నాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు."

కోపం అర్జీలోకి రానివ్వకండి. కుర్రాడు అన్న మాటలు వదిలేయండి. తేదీలు రాయండి, కనీసం నాలుగైదు.

పాలకొండ వైపు నుంచి ఒక టీచరు:
అన్నయ్యా, మీరు అమ్మగారిని ప్రైవేటు బస్సులో ఎందుకు తీసుకెళ్ళారు? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉంది కదా. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మన రాష్ట్రం ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఆసుపత్రి పనికి ఒక గంట ముందు బయల్దేరినా ఫరవాలేదు. అమ్మగారి 45, తిరుగు ప్రయాణం 45 మిగులుతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, పర్లాకిమిడి వెళ్ళే బస్సు ఒడిశాలోకి వెళ్తుంది కాబట్టి అంతర్రాష్ట్ర సర్వీసు, అందులో ఇది చెల్లదు. మా అప్ప తెలీక ఎక్కి, డబ్బులు లేక మొహం చిన్నబుచ్చుకుంది.

మగవాళ్ళలో 60 దాటినవారికి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది. వయసు రుజువు ఉండాలి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

బస్సు నడుపుకునే కుటుంబం నుంచి ఒకరు:
మమ్మల్ని అందరూ దొంగల్లా చూస్తున్నారు, అందుకే రాస్తున్నాను. లీటరు డీజిలు నూరు రూపాయలకి దగ్గర. టైర్లు, ఇన్సూరెన్సు, డ్రైవరు బత్తా ఆగవు. స్త్రీశక్తి వచ్చాక మా సీట్లలో సగం ఖాళీ. ఆటోవాళ్ళకి ఏడాదికి 15,000 సాయం ప్రకటించారు, మాకేమీ లేదు. అయినా మా బండిలో టికెట్ ఇస్తున్నాం. అందరినీ ఒకే గాటన కట్టకండి.

రిటైరైనవారు:
మీ కష్టం నిజమే, కాదనను. ఛార్జీ చాలకపోతే మీ యజమానులంతా కలిసి ప్రభుత్వానికి రాయాలి. ఆర్టీసీ కూడా 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు వేసినప్పుడు చెప్పి వేసింది. పల్లెవెలుగుకి 2, ఎక్స్‌ప్రెస్‌కి 5, ఏసీ బస్సుకి 10 రూపాయలని ముందే ప్రకటించింది. జనం తిట్టుకున్నారు, కానీ ఎంత పెరిగిందో ప్రతివారికీ తెలుసు, టికెట్ మీద ఉంది. ఖాళీ సీట్ల నష్టాన్ని బట్టల షాపు కుర్రాడి జేబులోంచి లాగడం మాత్రం నేను ఒప్పుకోను. మీరు టికెట్ ఇస్తున్నారంటే మీకు నా నమస్కారం.

చీపురుపల్లి నుంచి ఒకరు:
ఇది అడిగిన ప్రశ్నకి సంబంధం లేదు, అయినా చదివేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల వైపు నుంచి విజయనగరం ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు రైల్వే సీజన్ టికెట్ చూసుకోండి. ప్యాసింజర్ కనీస ఛార్జీ 2024లో మళ్ళీ 10 రూపాయలైంది. బూర్జ తమ్ముడికి ఇది పనికిరాదు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నదే ఆమదాలవలసలో.

ప్రశ్న అడిగినవారు (అయిదు వారాల తర్వాత):
ఆలస్యానికి మన్నించండి. వరసగా ఆరు రోజులు ఫోన్‌పే చేశాను. మూడో రోజు "నగదే కావాలి" అన్నాడు, నా దగ్గర లేదన్నాను, తీసుకున్నాడు. షాపు ఓనరు గారిని ఒక పూట సెలవడిగి సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళాను. లైన్లో గంటన్నర నిలబడ్డాను. పై అర్జీనే తేదీలు వేసి ఇచ్చాను. ఆమదాలవలస అన్నగారు కూడా వచ్చి, వాళ్ళబ్బాయి అరటికెట్ గురించి వేరేగా ఇచ్చారు. రసీదు నంబరు దగ్గర పెట్టుకున్నాను.

పన్నెండు రోజులకి ఫోన్ వచ్చింది, వివరాలు అడిగారు. ఆ వారమే ఆమదాలవలస దగ్గర బస్సు ఆపి, మా అందరినీ కూర్చోబెట్టే కాగితాలు చూశారు. ఏం రాసుకున్నారో నాకు తెలీదు, రాతపూర్వక జవాబు ఇంకా రాలేదు. కానీ మర్నాటి నుంచి టికెట్ ఇస్తున్నారు. డ్రైవరు సీటు వెనక ఛార్జీల కాగితం అతికించారు. ఇప్పుడు 38 తీసుకుంటున్నారు. 40 ఇస్తే రెండు రూపాయలు వెనక్కి రావడం లేదు, అందుకని చిల్లర తెచ్చుకుంటున్నాను.

అమ్మని ఈసారి పల్లెవెలుగులో తీసుకెళ్ళాను టీచరు గారూ. జీరో టికెట్ మడిచి మందుల సంచిలో పెట్టుకుంది. జవాబు కాగితం వచ్చాక ఇక్కడ రాస్తాను. రాకపోతే ఇంకెన్నాళ్ళు చూడాలి సార్?

రిటైరైనవారు:
ఇంకో పది రోజులు చూడండి బాబూ. రాకపోతే అదే రసీదు నంబరుతో 1100కి చేసి, అర్జీ తిరిగి తెరవమని అడగండి. కొత్త అర్జీ పెట్టకండి, పాతది మూసేస్తారు. ఆ రెండు రూపాయల సంగతీ తేదీలు రాసి పెట్టుకోండి.