సింగూరు బురదమేటపై ఏషియన్ డోవిచర్: దూరపు ఫొటోలతో నిర్ధారణ సాధ్యమేనా?

ప్రశ్న (సంగారెడ్డి)

అందరికీ నమస్కారం. సింగూరు జలాశయంలో నీళ్లు వెనక్కి తగ్గి బయటపడిన బురదమేట మీద, ఫిబ్రవరి మొదటి వారంలో, బ్లాక్-టెయిల్డ్ గాడ్విట్‌ల (పొడవైన ముక్కుతో బురదలో మేసే వలస పక్షుల) గుంపును గమనిస్తున్నాను. వాటికన్నా కాస్త చిన్నదిగా, తిన్నని నల్లని ముక్కుతో, ఒకేచోట నిలబడి కుట్టుమిషను సూదిలా బురదలో పొడుస్తున్న పక్షి ఒకటి వాటి మధ్య కనిపించింది. దాన్ని ఏషియన్ డోవిచర్‌గా, పక్షులను చూసినవాళ్లు తమ నమోదులు పెట్టే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో నమోదు చేశాను. మంగోలియా, సైబీరియా ప్రాంతాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ఎక్కువగా ఇండోనేషియా తీరాలకు చేరే ఈ పక్షి మన తూర్పు తీరంలోనే అరుదు కాబట్టి, సముద్రానికి ఇంత దూరాన కనిపించిందంటే సమీక్షకులు ఆధారాలు అడగడం సహజమే. అయితే నా ఫొటోలు దూరం నుంచి తీసినవి, ఎగురుతున్నప్పుడు తీసినది ఒక్కటీ లేదు, చూసినవాణ్ని కూడా నేనొక్కడినే. ఇటువంటి నమోదును ఎలా తేలుస్తారు? తిరస్కరిస్తే నా మాట నమ్మలేదనే అనుకోవాలా?

సమాధానం (కాకినాడ)

మీరు జతచేసిన ఫొటోలు చూశాను. డోవిచర్ కావచ్చు, కానీ అలా తేల్చి చెప్పడానికి ఇవి చాలవు. పరిమాణాన్నే ఆధారం చేసుకోవద్దని నా మనవి. బ్లాక్-టెయిల్డ్ గాడ్విట్‌లో ఆడపక్షి పెద్దది, దాని ముక్కు కూడా పొడవు. అందువల్ల ఆడపక్షుల నడుమ నిలిచిన మగపక్షి వేరే జాతిలా కనిపిస్తుంది. పైగా మన దేశానికి వచ్చే గాడ్విట్‌లలో తూర్పు ఉపజాతి పక్షులు పడమటి వాటికన్నా చిన్నవి.

ముక్కు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. గాడ్విట్ ముక్కు మొదట్లో గులాబీ రంగు ఉంటుంది, డోవిచర్ ముక్కు మొదలంటా నల్లగా ఉండి కొస కాస్త ఉబ్బినట్టుంటుంది. కానీ ముక్కును కళ్లదాకా బురదలో దించే పక్షికి ఆ గులాబీ రంగు బురద కింద దాగిపోవడం మామూలే. మీ రెండో ఫొటోలో ముక్కు మీద తడి మెరుపు ఉన్నచోటికీ లేనిచోటికీ మధ్య ఒక గీత కనిపిస్తోంది, నాకు అనుమానం అక్కడే మొదలైంది. కాకినాడ తీరంలో బార్-టెయిల్డ్ గాడ్విట్‌లను చూసేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది వస్తుంది, అయితే వాటి ముక్కు కాస్త పైకి వంపు తిరిగి ఉండటం కొంత సాయపడుతుంది.

అసలు తేల్చేది రెక్క. బ్లాక్-టెయిల్డ్ గాడ్విట్ రెక్క విప్పగానే వెడల్పైన తెల్లపట్టీ, తెల్లని నడుము, నల్లని తోక స్పష్టంగా కనిపిస్తాయి. డోవిచర్‌కు అంత కొట్టొచ్చే పట్టీ ఉండదు, తోక మీద అడ్డచారలు ఉంటాయి. ఎగిరినప్పటి ఒక్క ఫొటో, మసకగా ఉన్నా సరే, మీరు పెట్టిన ఈ మూడు ఫొటోలకన్నా విలువైనది. కుట్టుమిషను కదలిక మంచి ఆనవాలే కానీ, వీడియో లేనప్పుడు దాన్ని మరొకరు పరీక్షించలేరు.

సమాధానం (హైదరాబాద్)

మీ రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఈబర్డ్‌లో ఒక ప్రాంతానికీ ఒక నెలకూ అసాధారణమైన జాతి రాగానే వడపోత దానిని ఆపుతుంది, ఆ ప్రాంతాన్ని ఎరిగిన స్వచ్ఛంద సమీక్షకులు వివరాలు అడుగుతారు. నిర్ధారణ కాని నమోదు మీ చెక్‌లిస్ట్‌లో, మీ సొంత లెక్కలో అలాగే ఉంటుంది, అందరికీ కనిపించే పటాల్లోకి మాత్రం వెళ్లదు. అక్కడ తూచేది మనిషిని కాదు, పదేళ్ల తరువాత మనల్ని ఎరగని ఒక పరిశోధకుడు ఆ ఆధారాన్ని చూసి అదే నిర్ణయానికి రాగలడా అన్నది.

ఈ జాగ్రత్త ఎందుకో మన దేశపు ఉదాహరణే చెబుతుంది. బ్రిటిష్ సైనికాధికారి, పక్షి నమూనాల సేకర్త రిచర్డ్ మైనెర్ట్జ్‌హాగెన్ 1914లో గుజరాత్‌లో సేకరించానని చెప్పుకున్న అడవి పైడికంటె (ఒక చిన్న గుడ్లగూబ) నమూనా నిజానికి మ్యూజియం నుంచి దొంగిలించిన పాత నమూనా అని తేలింది. ఆ తప్పుడు చిరునామాను పక్కనపెట్టి, నిజమైన పాత నమూనాలు దొరికిన చోట్ల వెతికాకే, 1997లో పమేలా రాస్‌ముస్సెన్ బృందానికి మహారాష్ట్రలో ఆ పక్షి మళ్లీ కనబడింది. మీది నిజాయితీతో చేసిన నమోదు, దానితో దీనికి పోలికే లేదు. కానీ పటం మీదికి ఎక్కిన ఒక తప్పు చుక్క వెతికేవాళ్లను ఎటు తిప్పుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పటికైనా చేయగలిగింది ఉంది. కత్తిరించని అసలు ఫైళ్లను, బాగా రాలేదని పక్కన పడేసిన వాటితో సహా, వరుసగా ఎక్కించండి, ఏదో ఒక ఫ్రేములో పక్షి రెక్క సాచి ఉండవచ్చు. పుస్తకం తెరవకముందు రాసుకున్న గమనికలు ఉంటే వాటిని మార్చకుండా అలాగే పెట్టండి, ఎందుకంటే బొమ్మ చూశాక రాసిన వర్ణనలో మనం చూడని గుర్తులు కూడా తెలియకుండానే చేరిపోతాయి. వెలుతురు ఎటునుంచి పడుతోంది, దూరం ఎంత, పక్కన ఏ పక్షులున్నాయి, ఎంతసేపు చూశారు అన్నవి కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు (సంగారెడ్డి)

ధన్యవాదాలు. పాత ఫైళ్లన్నీ ఈ రాత్రికి ఎక్కిస్తాను. ఆదివారం ఉదయం సూర్యుడు వీపు వైపు ఉండేలా తూర్పు గట్టు నుంచి చూడాలనుకుంటున్నాను. మీలో ఎవరైనా వస్తారా?

సమాధానం (హైదరాబాద్)

నేను వస్తాను, టెలిస్కోపు తెస్తాను. ఒక్క మాట: పక్షి కనిపించగానే మీరు పేరు చెప్పకండి, గుంపులో ఎక్కడుందో మాత్రం చూపండి. నేను చూసింది నేను విడిగా రాసుకుంటాను. గుంపును లేపడానికి ప్రయత్నించవద్దు. వసంత వలసకు ముందు వాటికి మేత ముఖ్యం, పైగా గద్ద వచ్చినప్పుడు అవే లేస్తాయి, అప్పటికి కెమెరా సిద్ధంగా ఉంటే చాలు. అప్పటిదాకా ఆ నమోదును గాడ్విట్ లేదా డోవిచర్ అన్న స్థాయిలో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.