అప్‌డేట్: మారుతి 800 గేర్‌బాక్స్ ఆయిల్ కారడం ఆగింది

పర్లాకిమిడిలో మా పాత మారుతి 800 గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారుతోందని, ఇంటి దగ్గరే బాగుచేయవచ్చా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. మీరు సూచించినట్లు అడుగు భాగాన్ని కిరోసిన్‌తో కడిగి, ఆరాక కొంతదూరం నడిపి చూడగా, నేను అనుమానించిన డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించడానికి అడుగున ఉండే బిరడా) పొడిగానే ఉంది. ఎడమ డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) గేర్‌బాక్స్ లోపలికి వెళ్ళే చోట ఆయిల్ సీల్ (ఆయిల్ బయటకు రాకుండా ఆపే రింగు) అంచు గట్టిపడిపోయి, అక్కడి నుంచే ఆయిల్ కారుతోంది.

బండిని స్టాండ్లపై నిలిపి, ఆయిల్ దించే ముందే నింపే ప్లగ్ ఊడి వస్తుందని నిర్ధారించుకున్నాను. అది బిగుసుకుపోయి ఉంటే తిరిగి ఆయిల్ పోయడానికి దారి ఉండదు కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. కొత్త సీల్ అంచుకు గేర్ ఆయిల్ రాసి, వంకర పోకుండా కూర్చోబెట్టాను. మూసుకుపోయిన బ్రీదర్‌ను (గేర్‌బాక్స్ లోపలి గాలి బయటకు పోయే చిన్న మార్గం) కూడా శుభ్రం చేశాను, ఎందుకంటే వేడికి లోపల పెరిగే ఒత్తిడి కొత్త సీల్‌ను సైతం దాటించి ఆయిల్‌ను బయటకు నెట్టగలదు.

గుణుపురం వెళ్ళి వచ్చిన తరువాత కూడా ఎడమవైపు పొడిగా ఉంది. కుడి సీల్ వద్ద కొద్దిగా చెమ్మ కనిపిస్తున్నందున, వర్షాలకు ముందే దానినీ మారుస్తాను.