ఆసుపత్రికి బస్సు మీద, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద వెళ్లి వచ్చేవారు రాకపోకలు ఎలా కుదుర్చుకుంటున్నారు?

వశిష్ఠరేవు

అందరికీ నమస్కారం. మాది సఖినేటిపల్లి మండలంలో గోదావరి గట్టు పక్కనున్న ఊరు. మా నాన్నగారికి మూత్రపిండాల జబ్బు ఉండడం వల్ల నెలనెలా కాకినాడ పెద్దాసుపత్రిలో చూపించవలసి వస్తోంది. ప్రతి నెలా కారు మాట్లాడుకునే స్తోమత మాకు లేదు. అందువల్ల ఊరి నుంచి రాజోలు, రాజోలు నుంచి అమలాపురం, అక్కడ బస్సు మారి ముమ్మిడివరం, యానాం మీదుగా కాకినాడ వెళ్లి, కాంప్లెక్సులో దిగి ఆసుపత్రికి ఆటో ఎక్కుతాం.

వెళ్లేటప్పుడు పెద్దగా ఇబ్బంది లేదు, తెల్లవారుజామున బయలుదేరితే ఓపీ వేళకు అందుకుంటాం. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే వస్తోంది. రక్తం ఇచ్చిన తరువాత రిపోర్టు చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అది పట్టుకుని మళ్లీ డాక్టరుగారి గది ముందు కూర్చోవాలి, ఆ పైన మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబడాలి. ఇవన్నీ ముగించుకుని అమలాపురం చేరి, రాజోలు బస్సు పట్టుకుని దిగేటప్పటికి మా ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. సర్వీసు ఆటోలు సీట్లు నిండితే గాని కదలవు, చీకటి పడ్డాక మొత్తం ఆటో మాట్లాడుకోమంటారు. కాళ్ల వాపుతో ఉన్న మనిషిని బస్టాండు బల్ల మీద కూర్చోబెట్టి ఆటో కోసం తిరగడం నాకు చాలా బాధగా ఉంది. ఇలాంటి ప్రయాణాలు చేస్తున్నవారు రాకపోకలను ఎలా కుదుర్చుకుంటున్నారో దయచేసి వివరంగా చెప్పగలరు.

రాజోలు మాస్టారు

అమ్మా, నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, నా భార్యకు ఇదే జబ్బు. మీరు బస్సు వేళలు మార్చలేరు గాని ఆసుపత్రిలో గడిపే వేళను కొంత తగ్గించుకోవచ్చు. రక్తపరీక్షనూ డాక్టరుగారి దర్శనాన్నీ ఒకే రోజున పెట్టుకోవడం వల్లనే సాయంత్రమవుతోంది. క్రియాటినిన్, యూరియా, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్ వంటి పరీక్షలను రెండు రోజుల ముందు మీ దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో గాని, నమ్మకమైన ల్యాబులో గాని చేయించుకుని రావచ్చునా అని ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుగారిని నేరుగా అడగండి. ఒప్పుకుంటే ఏయే పరీక్షలో చీటీ మీద రాయించుకోండి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయిస్తే అంకెలను పోల్చి చూడడం వారికి సులభమవుతుంది. మాకు ఆ విధంగా కుదిరిన తరువాత మధ్యాహ్న భోజన వేళకే బయటపడుతున్నాం.

మరొక మాట. చీటీ మీద ఊరి పేరు, మండలం స్పష్టంగా రాయించండి. రోగి ఎంత దూరం నుంచి వచ్చాడో గదిలో ఉన్న డాక్టరుగారికి తెలియకపోతే తరువాతి తేదీ వేసేటప్పుడు ఆ సంగతి వారి దృష్టికి రాదు. సోమవారం రద్దీ ఎక్కువ కాబట్టి వారం మధ్యలో వేయమని అడిగితే చాలామంది కాదనరు. పరీక్షల అవసరం లేని నెలలో బీపీ మాత్రలు, షుగరు మాత్రలు అయిపోయాయని మాత్రమే కాకినాడ దాకా వెళ్లనవసరం లేదు. అవి మీ పీహెచ్‌సీలోనూ, ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లోనూ, 104 వాహనం వచ్చిన రోజున కూడా ఇస్తారు.

పాలకొల్లు నుంచి

మా అత్తగారిని భీమవరం తీసుకువెళ్లి వస్తుంటాను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర నుంచి మా ఇద్దరికీ పల్లెవెలుగులోనూ, ఎక్స్‌ప్రెస్‌లోనూ ఛార్జీ లేదు. ఆధార్ గాని, ఓటరు కార్డు గాని, రేషన్ కార్డు గాని చూపితే సున్నా టికెట్ ఇస్తారు. ఛార్జీకి వెనుకాడి మందులు అయిపోయినా వాయిదా వేసుకునే ఆడవాళ్లు మా వీధిలో ఇప్పుడు వేళకు వెళుతున్నారు, దీన్ని నేను కళ్లారా చూస్తున్నాను.

అయితే బస్సుల్లో రద్దీ పెరిగింది. నిలబడలేని మగ రోగులకూ, కర్ర పట్టుకున్న ముసలివారికీ మధ్యలో ఎక్కితే సీటు దొరకడం కష్టం. కాబట్టి బస్సు బయలుదేరే చోటికే వెళ్లి ఎక్కండి, నాలుగు కిలోమీటర్లు వెనక్కి పోవలసి వచ్చినా సరే. వృద్ధులకూ, దివ్యాంగులకూ కేటాయించిన సీట్లలో ఎవరైనా కూర్చుని ఉంటే కండక్టరుతో మర్యాదగా చెప్పండి, వారు లేపి ఇప్పిస్తారు. మీ నాన్నగారికి 60 దాటి ఉంటే వయసు తెలిపే కార్డు చూపి టికెట్‌లో 25 శాతం రాయితీ కూడా అడగండి. ఆ రాయితీ ఉన్నదన్న సంగతి చాలామంది పెద్దవాళ్లకు తెలియదు.

పాత కండక్టరు

బస్సు ఎందుకు తీసేశారు, వేళ ఎందుకు మార్చారు అని అందరూ అడుగుతారు గనుక లోపలి లెక్క చెబుతాను. ప్రతి సర్వీసుకూ రెండు అంకెలు చూస్తారు. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్నది ఈపీకే, సీట్లలో ఎన్ని నిండాయన్నది ఓఆర్. ఈ రెండూ పడిపోయిన ట్రిప్పు మీదకే ముందుగా కత్తెర వస్తుంది. ఊరి ఆఖరి ట్రిప్పులో ఎప్పుడూ జనం తక్కువే ఉంటారు, కాని ఆ తక్కువమందిలోనే ఆసుపత్రి నుంచి వచ్చేవారు, పని ముగించుకుని వచ్చే కూలీలు ఉంటారు. ఈ సంగతి అంకెల్లో కనిపించదు, మనమే వెళ్లి చెప్పాలి. అందుకే ఆడవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటుంది. ఛార్జీ లేదు కదా అని టికెట్ లేకుండా కూర్చోవద్దు, సున్నా టికెట్ తప్పనిసరిగా తీసుకోండి. మిషన్‌లో టికెట్ కొడితేనే మీరు ఆ బస్సు ఎక్కినట్టు లెక్క, ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ముకు కూడా అదే ఆధారం.

ఇక నైట్‌హాల్ట్ బస్సు విషయం. రాత్రి ఊళ్లోనే ఉండి తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయలుదేరే బస్సు రోగులకు అన్నిటికంటే మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క సర్వీసుతోనే రాత్రి ఆఖరి బస్సు, పొద్దున మొదటి బస్సు రెండూ దక్కుతాయి. అది నిలబడాలంటే ఊరివాళ్లు కూడా బాధ్యత తీసుకోవాలి. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి తాళం వేసుకునే గది, ఫ్యాను, దీపం, పొద్దున ముఖం కడుక్కోవడానికి నీళ్లు, మరుగుదొడ్డి, బస్సు తిప్పుకోవడానికి గట్టి నేల కావాలి. వానాకాలంలో బురదలో బండి దిగబడి తెల్లవారే ట్రిప్పు ఆగిపోయిన ఊళ్లను నేను చూశాను. పంచాయతీ వారు పంచాయతీ భవనంలోనో, బడి పక్కనో ఒక గది చూపిస్తే మాట్లాడడానికి మీకు బలం ఉంటుంది.

అర్జీ పెట్టేటప్పుడు కొత్త బస్సు వేయమని అడిగితే బండి లేదు, సిబ్బంది లేరు అనే జవాబు వస్తుంది. ఉన్న ఆఖరి ట్రిప్పును అరగంటో ముప్పావుగంటో ఆలస్యంగా బయలుదేరేలా జరిపి, అమలాపురం నుంచి వచ్చే ఫలానా బస్సుకు కలపమని అడగండి. దానికి బండి అక్కర్లేదు, డ్యూటీ చార్టు సరిచేస్తే చాలు.

ఎదుటిలంక

మా సంగతి వేరు. మాకు బస్సు ఎక్కడానికి ముందు ఏటిపాయ దాటాలి. ఎండాకాలంలో కాజ్‌వే మీద నడిచిపోతాం, ఆటో కూడా వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడు నీరు ఎక్కుతుందో చెప్పలేం. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే, ముక్తేశ్వరం వైపు ఎదురుబిడియం కాజ్‌వే మునిగాయన్న వార్త మీరు ఏటా పేపర్లో చదువుతుంటారు. వాటి అవతల ఉన్నవారికి ఆ వార్త వచ్చిన రోజున బస్సు, బడి, ఆసుపత్రి అన్నీ ఒక్కసారే దూరమవుతాయి.

ఏటి మధ్యనున్న మా లంకల్లో రోగులున్న ఇళ్లవారు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకుంటూ ఉండాలి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఎగరవేస్తారు. పల్లపు కాజ్‌వేలు మొదటి హెచ్చరికకే నీటిలోకి పోతాయి. నీరు ఎక్కేదాకా ఆగకుండా, పైన భద్రాచలంలో గోదావరి పెరుగుతోందని విన్నప్పుడే మేము రోగిని గట్టుకు ఇవతల బంధువుల ఇంటికి చేరుస్తాం. డయాలసిస్ రోగికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మందును పది రోజులకు ముందే తెచ్చి పెట్టుకోవచ్చు గాని డయాలసిస్‌ను నిల్వ పెట్టుకోలేం. నెలలు నిండిన గర్భిణులను కూడా ముందుగానే తరలిస్తారు, ఆశా కార్యకర్త వచ్చి చెప్పినప్పుడు ఇంట్లో పెద్దలు మంచిరోజు కోసం ఆపవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. 2022 జూలై వరదలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. అప్పుడు నీరు తీయడానికి పట్టిన రోజులన్నీ మా బయటి ప్రయాణాలు పడవ మీదనే సాగాయి.

పడవ దాకా రోగిని తీసుకువెళ్లడమే అసలు కష్టం. 108 వాహనం రోడ్డు ఉన్న ఒడ్డున రేవు దాకానే వస్తుంది. నడవలేని మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోస్తాం. ఒండ్రు మట్టిలో అడుగు మడమ దాకా దిగుతుంది. గట్టు నుంచి పడవలోకి వేసిన బల్ల తడిసి జారుతుంది గనుక దాని మీద గోనెసంచి పరుస్తాం, ముందు ఒకరు పడవలో దిగి కుర్చీ కాళ్లు పట్టుకున్నాకే వెనకవాళ్లు వదలాలి. రిపోర్టులు, ఆధార్, వైద్యసేవ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, రోగి దగ్గర కాకుండా తోడు వచ్చేవారి మెడలో వేయండి. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘోరం మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు, నిండిన పడవను వదిలేసి తరువాతి దాని కోసం ఆగండి.

నరసాపురం స్టేషను

వశిష్ఠరేవు గారూ, మీ ఊరి నుంచి పంటు దాటితే నరసాపురం దగ్గరే కదా. కాకినాడకు ఆ దారి చుట్టు అవుతుంది గాని, భీమవరం, ఏలూరు, విజయవాడ వైపు చూపించుకునేవారికి అదే మేలు. ఇక్కడి నుంచి రైలు ఉంది, రైల్లో మరుగుదొడ్డి ఉంటుంది, కాళ్లు చాపుకోవచ్చు. పంటుకు కూడా ఆఖరి వేళ ఉంటుంది, వరద వస్తే ఆపేస్తారు. ఆ సమయంలో రాజోలు నుంచి దిండి–చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు రావడం తప్ప గత్యంతరం లేదు. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం పూర్తయితే అమలాపురం వారికి ఈ తిప్పలు సగం తీరేవి, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాం.

దూరాభారం వెళ్లేవారికి ఒక వివరం. క్యాన్సర్ చికిత్సకు వెళ్లే రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ ఛార్జీ పూర్తిగా మినహాయిస్తారు, తోడు వచ్చే ఒకరికి అందులో 75 శాతం తగ్గుతుంది. డయాలసిస్‌కు వెళ్లే మూత్రపిండాల రోగికీ, తోడు వచ్చేవారికీ 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రివారు నిర్ణీత పత్రం మీద సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి, దాన్ని రిజర్వేషన్ కౌంటరులో చూపాలి. వయోవృద్ధుల రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపేశారు. ఇంకొకటి, ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారికి ఇంటికి వెళ్లే బస్సు ఛార్జీ ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. డిశ్చార్జి రోజున ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

వశిష్ఠరేవు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు డాక్టరుగారిని అడిగాను. పరీక్షలు బయట చేయించుకుని రావడానికి ఒప్పుకున్నారు, పొటాషియం పరీక్ష మాత్రం వెళ్లేముందు రోజే చేయించి తాజా అంకె తీసుకురమ్మన్నారు. తేదీని కూడా బుధవారానికి మార్చారు.

పాత కండక్టరు గారూ, మా ఊరి ఆఖరి ట్రిప్పు మరికాస్త ఆలస్యంగా నడపమని అర్జీ రాస్తున్నాను. దాన్ని డిపో మేనేజరుకు ఇవ్వాలా, సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట ఇవ్వాలా?

పాత కండక్టరు

రెండు చోట్లా ఇవ్వండి అమ్మా. ముందు డిపో మేనేజరుకు ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి, ఆ ముద్ర ఉన్న ప్రతిని సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో జతపరచండి. డిపోవారు ‘డయల్ యువర్ డీఎం’ పెట్టే రోజు తెలుసుకుని, ఆ గంటలో ఊరి నుంచి వేర్వేరు మనుషుల చేత ఫోను చేయించండి. అర్జీలో సర్వీసు వెళ్లే దారి, ఇప్పటి బయలుదేరే వేళ, మీరు కోరే వేళ, అమలాపురం నుంచి వచ్చి కలవవలసిన బస్సు వేళ నాలుగూ విడివిడిగా రాయండి. సంతకాల పక్కన ఎవరు ఏ ఆసుపత్రికి, నెలలో ఏ వారం వెళతారో ఒక ముక్క రాయించండి. సర్పంచిగారి లేఖ ఉంటే జత చేయండి. నైట్‌హాల్ట్ కూడా అడగదలచుకుంటే గది చూపించే పంచాయతీ తీర్మానంతో మరో అర్జీగా పెట్టండి, రెండూ ఒకే కాగితం మీద కలిపితే గది తేలేదాకా వేళ మార్పు కూడా ఆగిపోతుంది.