గ్రీసులో మందుల ఖర్చు తగ్గింది ఈ-ప్రిస్క్రిప్షన్ వల్లేనా?

హెల్త్ ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం గ్రీసు గురించి చదువుతున్నాను. అక్కడ మందుల మీద ప్రభుత్వ ఖర్చు 2009లో 500 కోట్ల యూరోల పైమాటే. 2014కల్లా సుమారు 200 కోట్లకు దిగింది. 2010 చట్టంతో వచ్చిన ఈ-ప్రిస్క్రిప్షన్ (డాక్టర్లు మందుల చీటీని కంప్యూటర్‌లో రాసే పద్ధతి) వల్ల ఏ డాక్టరు ఏ మందు ఎంత రాస్తున్నారో ప్రభుత్వానికి కనబడసాగింది. బాగానే ఉంది. కానీ అదే సమయంలో ధరలు తగ్గించారు, బడ్జెట్ దాటిన మొత్తాన్ని కంపెనీల నుంచే రాబట్టే క్లాబ్యాక్ 2012లో పెట్టారు. క్రెడిట్ అంతా సాఫ్ట్‌వేర్‌కే ఇవ్వాలంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ-ప్రిస్క్రిప్షన్ వాటా ఎంతో విడదీసి లెక్కగట్టే పద్ధతి ఏదైనా ఉందా? పోనీ, మొత్తం ఖర్చు బదులు ఒక్కో రోగికి రాసిన మందుల సంఖ్య చూస్తే సరిపోతుందా? ఇలాంటి డేటాతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.