ఆయుధ పూజ లక్కీ డ్రా: 10 ప్రైజుల్లో 3 ఒకే సెక్షన్‌కి. ఇది మామూలేనా?

స్టోర్స్ కిటికీ:
మా ఫ్యాక్టరీలో ఏటా ఆయుధ పూజ రోజు లక్కీ డ్రా తీస్తారు. 300 మందిమి, 10 ప్రైజులు. ఈసారి ఫ్రిజ్, మిక్సీ, ఒక కుక్కర్, మూడూ అకౌంట్స్ వాళ్ళకే తగిలాయి. ఆ సెక్షన్‌లో ఉన్నదే 15 మంది. చీటీలు రాసి, మడిచి, డబ్బాలో వేసిందీ వాళ్ళే. నేను చేరి 11 ఏళ్ళయింది, ఒక స్టీలు గ్లాసు కూడా తగల్లేదు. లెక్కలు వచ్చినవాళ్ళు చెప్పండి, ఇది సరిగ్గా జరిగిన డ్రాయేనా?

ఫిఫ్టీ ఫిఫ్టీ:
వస్తే వస్తుంది, లేకపోతే రాదు. సగం సగం. దీనికి లెక్కెందుకు?

ఎక్కాల పుస్తకం:
సగం సగమైతే 300 మందిలో 150 మంది ఫ్రిజ్‌లు మోసుకెళ్ళాలి కదండీ.

స్టోర్స్ గారూ, ముందు మీ 11 ఏళ్ళ సంగతి. 300లో 10 అంటే ఏటా మీ అవకాశం 30లో 1. వరసగా 11 ఏళ్ళు ఏమీ రాకపోయే అవకాశం నూటికి దాదాపు 69. అంటే మీతోపాటు చేరినవాళ్ళలో ఎక్కువమందిది మీ పరిస్థితే. దాన్ని సాక్ష్యంగా పెట్టకండి.

ఇక అకౌంట్స్. 15 మందికి సగటున అర ప్రైజు రావాలి. మూడో, అంతకన్నా ఎక్కువో రావడం నూటికి 1. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ 300 మందిని 15 మంది చొప్పున 20 గుంపులు చేయండి. వాటిలో ఏదో ఒక గుంపుకి 3 పడే అవకాశం అయిదింట ఒకటి దాకా ఉంది. ప్రైజులు పడ్డాక వెళ్ళి ఆ గుంపు చుట్టూ గీత గీస్తే ఎప్పుడూ వింతగానే కనిపిస్తుంది.

బీ షిఫ్ట్:
300 మంది అని ఎవరు లెక్కపెట్టారండీ?

స్టోర్స్ కిటికీ:
మా దగ్గర 20 సెక్షన్లు లేవు. 14 ఉన్నాయి. ప్రొడక్షన్‌లోనే 60 మంది పైన. మీ లెక్క అక్కడే తప్పింది.

ఎక్కాల పుస్తకం:
గుంపంటే సెక్షనే కానక్కర్లేదండీ. ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, ఒకే ఊరివాళ్ళు, మేనేజరు గారి కులంవాళ్ళు. ఎవరికి మూడు వచ్చినా మీరు ఇదే టాపిక్ పెట్టేవారు.

స్టోర్స్ కిటికీ:
14 సెక్షన్లండీ. ముందు దానికి జవాబు చెప్పండి.

గాజువాక జంక్షన్:
గురువు గారూ, ఇక్కడ మీ మాట ఒప్పుకోను. గీత తర్వాత గీశారని అంటున్నారు. చీటీలు మడిచినవాళ్ళ మీద అనుమానం డ్రాకి ముందే ఉంటుంది. అకౌంట్స్‌ని వెతికి పట్టుకోనక్కర్లేదు, డబ్బా వాళ్ళ చేతిలోనే ఉంది. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది నూటికి ఒకటే, అయిదింట ఒకటి కాదు.

ఎక్కాల పుస్తకం:
మంచి మాట. సగం ఒప్పుకుంటాను. అయినా నూటికి 1 అంటే, సరిగ్గా తీసిన డ్రాలో ఇలా పడే అవకాశం అంత అని. డ్రా సరిగ్గా జరిగే అవకాశం అంత అని కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గొడవ. పాత జాబితాలు ఉన్నాయా?

డెబిట్ క్రెడిట్:
నేను ఆ అకౌంట్స్ వాడినే. కుక్కర్ నాకే వచ్చింది, 5 లీటర్లది, విజిల్ సరిగ్గా కూర్చోదు. నిరుడు మాకు ఒకటి, అంతకు ముందు రెండేళ్ళు సున్నా. ఇది కూడా రాసుకోండి.

ఎక్కాల పుస్తకం:
అంటే 4 ఏళ్ళలో 40 ప్రైజుల్లో 4. రావాల్సింది 2. ఇలా 4 గానీ ఆపైన గానీ రావడం సుమారు ఏడింట ఒకటి. దొంగతనం అనడానికి ఇది చాలదు.

స్టోర్స్ కిటికీ:
ఆ రెండేళ్ళూ చీటీలు మడిచింది హెచ్ఆర్. అది కూడా రాసుకోండి తమ్ముడూ.

గాజువాక జంక్షన్:
దొంగతనమే అక్కర్లేదు, కలపకపోయినా చాలు. 1969 డిసెంబరు 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి కుర్రాళ్ళను పిలవడానికి 366 పుట్టినరోజులతో లాటరీ తీశారు. ఒక్కో తేదీని చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, ఆ గొట్టాల్ని నెలల వరసలో పెట్టెలో వేసి, సరిగ్గా కలపలేదు. డిసెంబరులో పుట్టినవాళ్ళ తేదీలు ముందే వచ్చేశాయి. సగటు స్థానం 183 దగ్గర ఉండాల్సింది డిసెంబరుకి 121 దగ్గరికి పడింది. ఎవరూ కుట్ర చేయలేదు, చెయ్యి కిందిదాకా వెళ్ళలేదు, అంతే. మీ డబ్బా ఏంటి? తీసిందెవరు?

డెబిట్ క్రెడిట్:
15 కేజీల నూనె డబ్బా. తీసింది మేనేజరు గారి పాప, రెండో తరగతి. సెక్షన్ల వారీగా వేసుకుంటూ వచ్చి మావి చివర్లో వేశాం. నేను రెండుసార్లు ఊపాను. పాప చెయ్యి మోచేతి దాకానే దిగింది, నిజమే.

స్టోర్స్ కిటికీ:
దొరికారు!!! పైన మీవే ఉన్నాయి!

డెబిట్ క్రెడిట్:
దొరకడమేంటి అన్నా? నేను చెప్తేనే కదా నీకు తెలిసింది. ఆరోజు రాత్రి 8 దాకా కూర్చుని 300 చీటీలు రాశాను. ఒక్కడైనా సాయం పట్టాడా? నువ్వు స్టోర్స్ నుంచి కత్తెర ఇవ్వడానికి కూడా ఇండెంట్ రాయించావు.

స్టోర్స్ కిటికీ:
రూల్ రూలే. కత్తెరకైనా ఇండెంట్ కావాల్సిందే.

ఫిఫ్టీ ఫిఫ్టీ:
నేను ముందే చెప్పా, సగం సగం.

బీ షిఫ్ట్:
రెండోసారి అడుగుతున్నాను. 300 ఎవరు?

స్టోర్స్ కిటికీ:
పర్మనెంటు వాళ్ళం, ఇంకెవరు. టాపిక్ డ్రా న్యాయం గురించి బ్రదర్, పక్కదారి పట్టించొద్దు.

బీ షిఫ్ట్:
పక్కదారా? పూజ చందా 100 రూపాయలు మా దగ్గరా తీసుకున్నారు కదా. కొబ్బరికాయలూ, పులిహోరా, మీ ఫ్రిజ్జూ అన్నీ ఆ డబ్బులోంచే. కాంట్రాక్ట్ వాళ్ళం మిషన్లు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, షెడ్డు గోడ దగ్గర నిలబడి డ్రా చూశాం. పైనుంచి తీశారా కిందనుంచి తీశారా అని పొద్దుటినుంచీ కొట్టుకుంటున్నారు. మా చీటీలు డబ్బాలోనే లేవు.

ఎక్కాల పుస్తకం:
ఈ సంగతి నాకు తెలియదు. స్టోర్స్ గారు 300 అన్నారు, నేను 300 వేసుకున్నాను. మీరు మొదట అడిగినప్పుడే ఆగాల్సింది.

స్టోర్స్ కిటికీ:
చందా వాళ్ళ దగ్గరా తీసుకున్నారని నాకు తెలియదు. రసీదు ఇచ్చారా?

బీ షిఫ్ట్:
ఇచ్చారు. జేబులోనే ఉంది. నంబరు 447.

డెబిట్ క్రెడిట్:
ఆ రసీదు పుస్తకం మా సెక్షన్ బీరువాలో ఉంది. నాకు ఇచ్చిన జాబితా చూసి చీటీలు రాశాను, జాబితా ఎవరు తయారుచేశారో అడగలేదు. రేపు పొద్దున పుస్తకం తీసి ఆఖరి నంబరు ఎంతో ఇక్కడ పెడతాను.