అప్‌డేట్: ర్యాక్ బిగించాక వచ్చిన హ్యాండిల్ వణుకు పోయింది

టూరింగ్ బైక్‌కు వెనుక ర్యాక్, దానిపై టాప్ బాక్స్ బిగించినప్పటి నుంచి 80 కిలోమీటర్ల వేగం దాటగానే హ్యాండిల్ వణుకుతోందని గత నెలలో మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్లే తూచి చూస్తే, సామానుతో కలిపి పెట్టె బరువు 11 కిలోలు తేలింది; ర్యాక్‌పై ముద్రించిన పరిమితి 7 కిలోలే. అంత బరువు వెనుక ఇరుసుకు అవతల, ఎత్తులో ఉండడంతో ముందు చక్రంపై భారం తగ్గి బండి నిలకడ కోల్పోయేదని అర్థమైంది.

పనిముట్లు, నీళ్ల సీసాలు పక్క సంచుల అడుగున రెండు వైపులా సమానంగా సర్ది, పెట్టెలో బట్టలు, రెయిన్‌కోటు మాత్రమే ఉంచాను. ర్యాక్ విప్పినప్పుడు ఎడమవైపు బోల్టు ఒకటి వదులై, రంధ్రం చుట్టూ పెయింటు అరిగిపోయి కనిపించింది. మా అమ్మాయి నా వెనుక కూర్చునే బండి కాబట్టి అది చూసి నిజంగా భయపడ్డాను. కొత్త బోల్టులకు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, ముందు అన్నింటినీ చేత్తో ఎక్కించి, ర్యాక్ సరిగ్గా కూర్చున్నాకే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) మాన్యువల్‌లో చెప్పినంత బిగించి, బోల్టులు కదిలితే తెలిసేలా వాటి తలల మీదుగా పెయింటు గీత గీశాను. వెనుక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగింపు) పెంచాను; టైర్లలో గాలి పూర్తి లోడుకు సూచించినంత పట్టించాను.

నిన్న హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ 50 కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి, దారిలోని మన్ననూరులో మరోసారి ఆగి చూశాను. ఒక్క గీత కూడా కదలలేదు, ఘాట్ మలుపుల్లోనూ వణుకు రాలేదు.