సరుగుడు కర్ర వదిలి కప్‌లాక్‌కి మారాం, బెల్టు దగ్గర ఆగిపోయాం

తెనాలి మేస్త్రి:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నాన్న పరంజా మేస్త్రి, నేనూ అదే పని. 22 ఏళ్లుగా సరుగుడు బాదులు, కొబ్బరి తాళ్లతోనే కట్టాం. రెండు మూడు అంతస్తుల ఇళ్లు, ఒక్క వరుస బాదులు నిలబెట్టి, అడ్డకర్ర రెండో కొనని గోడ బొక్కలో దూర్చడం. నాన్న కట్టిన ముడి విప్పాలంటే కత్తి కావాల్సిందే.

ఇప్పుడు విజయవాడ దగ్గర సెల్లార్ మీద తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్ పని వచ్చింది. కర్ర వద్దన్నారు. కప్‌లాక్ పైపులు (నిలువు పైపుకి ఉన్న కప్పుల్లో అడ్డపైపు కొన పెట్టి సుత్తితో బిగించేవి), రెండు వరుసలు, గోడకి బొక్క పెట్టకూడదు. పరంజాలకి ఉన్న భారత ప్రమాణాలు ఐఎస్ 3696, ఐఎస్ 4014 ప్రకారం ఉండాలని కాగితం మీద రాసిచ్చారు. తనిఖీ చేసి సరే అన్నట్టు పచ్చ ట్యాగ్ వేలాడితేనే పైకి ఎక్కాలి. పరంజా కట్టేవాడికి ఒంటి మొత్తానికీ పట్టే హార్నెస్ (మేం బెల్టు అంటాం), దాని తాడుకి రెండు హుక్కులు.

పైపు పని వారంలో పట్టుబడింది. కప్పులు అర మీటరుకి ఒకటి ఉంటాయి కాబట్టి ఎత్తు తప్పడానికి లేదు. మూడు మీటర్ల నిలువు పైపు 10 కిలోలు దాటుతుంది, భుజాలకి కొత్త గనక మొదట్లో బాగా నొప్పులు పుట్టాయి. అంతే.

చిక్కంతా బెల్టు దగ్గరే. నాకు పని నేర్పింది మా బాబాయ్, ఆయనకి 58 ఏళ్లు. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పడలేదురా, ఈ తాడు కాళ్లకి అడ్డం పడి దీనివల్ల పడతాను" అంటాడు. ఆయన్ని చూసి కుర్రాళ్లు కూడా సేఫ్టీ ఆఫీసర్ కనబడితే హుక్కు తగిలిస్తారు, ఆయన అటు తిరగ్గానే తీసేస్తారు. బాబాయ్‌ని గట్టిగా ఒక మాట అనడానికి నాకు నోరు రాదు.

రెండేళ్ల కిందట మా పనిలోనే ఒక కుర్రాడు రెండో అంతస్తు నుంచి పడ్డాడు. పలక కొన మీద కాలు పెట్టాడు, అవతలి కొన లేచింది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు వాళ్ల మామ కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు, బస్తా ఎత్తలేడు. ఆ పలక వేసింది నేనే. అప్పటి నుంచి పైన మనిషి ఉన్నంతసేపూ నాకు టెన్షనే. అందుకే ఈ షరతులు నాకు బరువు అనిపించడం లేదు, ఇవి కావాలనే ఉంది. కానీ మావాళ్లకి ఎలా అలవాటు చేయాలి? ఈ ఖర్చు రేటులోకి ఎలా తేవాలి?

జగిత్యాల నుంచి:

తమ్ముడూ, నేను 11 ఏళ్లు గల్ఫ్‌లో చేసిన, మొదలు స్కాఫోల్డర్‌గా, చివరి నాలుగేళ్లు ఇన్‌స్పెక్టర్‌గా. మా దిక్కు దీన్ని గోవా కట్టుడు అంటరు. పోయిన కొత్తలో నేను కూడా మీ బాబాయ్ లెక్కనే మాట్లాడిన.

మీరు బెల్టుతో మొదలుపెట్టారు, అది చివరిది. ముందు చూడాల్సింది మనిషి నిలబడే చోటు. పలకలు సందు లేకుండా వెడల్పంతా నిండాలి. నడుము పైకి వచ్చేలా ఒక పైపు, దానికీ పలకకీ మధ్య ఇంకొకటి, కింద కాలి దగ్గర అంచు పలక. ఎక్కడానికి పైపులు పట్టుకుని పాకడం కాదు, లోపలి నుంచి నిచ్చెన. ఇవన్నీ ఉంటే ప్లాస్టరింగ్ వాళ్లు పలక మీద నిలబడి చేసే పనికి మామూలుగా బెల్టు మీద ఆధారపడక్కర్లేదు. బెల్టు అసలు అవసరం కట్టేవాళ్లకీ విప్పేవాళ్లకీ, అంటే మీకు. 30 మందికి తగిలించమని చెప్పే బదులు ఆరుగురికి నేర్పితే సరిపోతుంది.

మీ కుర్రాడి సంగతి చదివి బాధేసింది. ఆ పలక ఎందుకు లేచిందో కొలతల్లో చెప్తా. బ్రిటన్ పద్ధతిలో పలక కొన అడ్డపైపు దాటి కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలి, పలక మందానికి నాలుగింతలు మించకూడదు. 38 మిల్లీమీటర్ల పలకకి ఇంచుమించు 150. అది దాటి బయటికి ఉంటే కొన మీద మనిషి నిలబడగానే తక్కెడ తూగినట్టు లేస్తుంది. తక్కువ ఉంటే జారి పడుతుంది. మేము టేపు పెట్టి చూసేవాళ్లం. కొక్కేలున్న ఇనుప ప్లాంకులైతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక బెల్టు. మీ బాబాయ్ అన్నదాంట్లో కొంత నిజం ఉంది, కాదనకండి. హుక్కు కాలి దగ్గర తగిలిస్తే తాడు నిజంగా కాళ్లకి అడ్డం పడుతుంది. పైగా పనికిరాదు. లెక్క చూడండి. తాడు 1.8 మీటర్లు. కుదుపు తగ్గించే సంచి తెరుచుకుంటే ఇంకో 1.75 దాకా సాగుతుంది. వీపు మీద రింగు నుంచి పాదాల దాకా ఒకటిన్నర. కింద ఒక మీటరు ఖాళీ మిగలాలి. మొత్తం ఇంచుమించు 6 మీటర్లు. నాలుగు మీటర్ల ఎత్తులో కాలి దగ్గర తగిలిస్తే, బెల్టు పట్టేలోపే మనిషి నేల మీద ఉంటాడు. అదే తల పైన తగిలిస్తే పడే దూరం చాలా తగ్గిపోతుంది, కాళ్లకి అడ్డం కూడా రాదు. రెండో హుక్కు తగిలించాకే మొదటిది తీయాలి. ఈ లెక్క నేల మీద సుద్దతో గీసి చూపించండి. మా మేస్త్రి నాకు అట్లనే చూపించిండు, ఆ రోజు నుంచి మారిన.

ఇంకొకటి. పరంజా పై అంతస్తుకి ఎక్కాక కమ్మీ (నడుము దగ్గర అడ్డుండే పైపు) కట్టడం కాదు, కింది అంతస్తులో ఉండగానే పై అంతస్తు కమ్మీ బిగించేయాలి. ఎక్కేసరికే పట్టుకోవడానికి ఉంటుంది.

మీ బాబాయ్‌కి బెల్టు వేసుకోమని చెప్పకండి. ట్యాగ్ ఆయన చేతిలో పెట్టండి. కంపెనీ వాళ్లతో మాట్లాడి పరంజా తనిఖీ శిక్షణకి పంపించి, ఎర్ర ట్యాగ్ తీసి పచ్చది పెట్టే ముందు ఆయన చూసి సంతకం పెట్టాలని చెప్పండి, దాని కింద సేఫ్టీ ఆఫీసర్ సంతకం. మేము ప్రతి 7 రోజులకీ, పెద్ద గాలివాన పోయాక మళ్లీ చూసేవాళ్లం. ఆయనకి కప్పు బిగిసిందో లేదో సుత్తి దెబ్బ చప్పుడుతోనే తెలిసిపోతుంది. ఆ చెవి మీ కుర్రాళ్లకి లేదు.

గుంటూరు సివిల్:

మేస్త్రీ గారూ, నేను సైట్ ఇంజినీరుని. అన్నగారు పైన సంగతులు చెప్పారు, నేను కింద సంగతి చెబుతాను. మీది మాది నల్లరేగడి నేల. ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. సరుగుడు కర్రని గొయ్యి తీసి పాతేవాళ్లు. పైపుని పాతరు, జాకీ (ఎత్తు సర్దుకునే మర కాలు) మీద నిలబెడతారు. జాకీ కింద ఇనుప పళ్లెం, దాని కింద కనీసం రెండు కాళ్లకి కలిపి ఒక దళసరి చెక్క. ఇటుక ముక్కలు పెట్టొద్దు, బరువుకి చిట్లుతాయి. పునాది చుట్టూ పూడ్చిన మట్టి సరిగా దిమ్మిస చేయకపోతే మొదటి వానకే ఒక కాలు దిగుతుంది, బరువంతా పక్క కాళ్ల మీద పడుతుంది.

రెండోది పచ్చ వల. కిందికి ఇటుక ముక్క పడకుండా వల కట్టమంటారు, మంచిదే. కానీ వల కట్టగానే పరంజా తెరచాపలాగా గాలిని పట్టుకుంటుంది. వల లేనప్పుడు వేసిన గోడ కట్లు, అంటే పరంజాని భవనానికి పట్టి ఉంచే కట్లు, వల వేశాక చాలవు. అక్టోబరు, నవంబరులో తుఫాన్లు వచ్చే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. పరంజా ఎత్తు, దాని అడుగుభాగం వెడల్పుకి నాలుగింతలు దాటితే భవనానికి కట్టి తీరాలన్నది అమెరికా కార్మిక భద్రత సంస్థ ఓషా నిబంధన. మీ పరంజా వెడల్పు 1.2 మీటర్లయితే 4.8 మీటర్ల దగ్గరే ఆ గీత దాటేశారు. తొమ్మిది అంతస్తులకి కట్లు ఎక్కడెక్కడ రావాలో గీసిన డ్రాయింగ్ కంపెనీ ఇంజినీరు దగ్గర అడిగి తీసుకోండి. అడగడం మీ హక్కు. ప్లాస్టరింగ్ వాళ్లు గోడకి అడ్డం వచ్చిందని కట్టు విప్పేస్తారు, మళ్లీ బిగించరు. నేను చూసిన ప్రమాదపు పరంజాలన్నీ అలా తయారైనవే.

చట్టం గురించి ఒక్క మాట. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. భద్రత కోసం ఇచ్చే వస్తువులకి కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని అందులో ఉంది. హార్నెస్ ఖర్చు కూలీలో కోయొద్దు.

మంగళగిరి కాంట్రాక్టర్:

రేటు సంగతి నేను చెప్తా. చదరపు అడుగు ప్లాస్టరింగ్ రేటులో పరంజా కలిపి ఒప్పుకోకండి. నేను ఒకసారి అలా ఒప్పుకుని మునిగాను. సిమెంటు రాక 20 రోజులు పని ఆగితే పైపుల అద్దె నా నెత్తిన పడింది. పరంజా వేరే లైనులో రాయండి: కట్టడం, విప్పడం ఒకటి, నెల అద్దె ఒకటి, తనిఖీ మనిషి కూలీ ఒకటి. వాళ్ల వల్ల ఆలస్యమైతే అద్దె వాళ్లదేనని రాయించండి. క్లాంపులు, జాకీలు దింపుకునేటప్పుడే లెక్కపెట్టి, వంగినవీ తుప్పు తిన్నవీ పక్కన పెట్టి తిప్పి పంపండి.

తెనాలి మేస్త్రి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అన్నా, మేడమ్, మంగళగిరి అన్నా, మీ ముగ్గురికీ రుణపడి ఉంటాను.

సెల్లార్ గచ్చు మీద సుద్దతో ఆరు మీటర్లు గీశాను. బాబాయ్ ఏమీ అనలేదు. ఆ గీత పక్కన అటూ ఇటూ నడిచి, మా కుర్రాడు పడిన ఎత్తెంత అని అడిగాడు. చెప్పాను. మర్నాడు హుక్కు తల పైన తగిలించి పని మొదలుపెట్టాడు.

బాబాయ్‌కి శిక్షణ రెండు రోజులు ఇచ్చారు. ఇప్పుడు పొద్దున్నే సుత్తి పట్టుకుని ఒక్కో కప్పూ కొట్టుకుంటూ వెళ్తాడు. పోయిన గురువారం రాత్రి వాన పడింది. శుక్రవారం ఉత్తరం వైపు జాకీ కింద చెక్క ఒక పక్కకి దిగిందని నేను కట్టిన వరసకే ఎర్ర ట్యాగ్ పెట్టేశాడు. ఎనిమిది మంది ప్లాస్టరింగ్ వాళ్లు సగం రోజు కింద కూర్చున్నారు. వాళ్ల సగం కూలీ నేనే ఇచ్చాను, సూపర్‌వైజర్ అరిచాడు కూడా. మట్టి దిమ్మిస చేసి చెక్క మార్చాకే బాబాయ్ పచ్చది పెట్టాడు. ఆ సాయంత్రం కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే రెండు హుక్కులూ వాడుతున్నారు.

ఇంకొక్క సందేహం. హార్నెస్ పట్టీలు సిమెంటు పట్టి గట్టిబడుతున్నాయి. సర్ఫ్‌లో నానబెట్టొచ్చా?

జగిత్యాల నుంచి:

సర్ఫ్ వద్దు, వేడి నీళ్లు వద్దు. గోరువెచ్చని నీళ్లు, ఒంటి సబ్బు, మెత్తని బ్రష్. ఎండలో కాదు, నీడలో ఆరేయాలి, ఎండకి పట్టీ బలం తగ్గుతుంది. ఆరాక పట్టీని వేళ్ల మీద వంచి చూడండి, పోగులు తెగినా, కుట్టు లేచినా, సిమెంటు కాటుకి గట్టిబడి మెత్తబడకపోయినా పక్కన పెట్టేయండి. కుదుపు సంచి ఒక్కసారి తెరుచుకున్న తాడు మళ్లీ వాడకూడదు, ఎవరూ తీసుకుపోకుండా ముక్కలుగా కోసేయండి. బాబాయ్‌కి నా నమస్కారం చెప్పండి.